ఆఫీసు బెంగళూరులో, మనిషి తిరుపతిలో... మరి పన్ను ఎవరికి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు చూస్తే సగానికి పైన ఒకటే గోల. మా పనులు మారిపోయాయి, టైమింగులు మారిపోయాయి, కానీ కార్పొరేషనోళ్ళు, కరెంటోళ్ళు, రేషన్ షాపు, ఆర్టీసీ అందరూ ఇంకా పొద్దున పదికి పోయి సాయంత్రం ఐదుకొచ్చే మనిషినే మనసులో పెట్టుకుని నడుస్తున్నారు అని. సరే, ఈసారికి పొలం గట్ల తగాదాలు, వీలునామాలు పక్కన పెట్టి ఇవే తీసుకున్నా. వాటి సంగతి వచ్చే నెల.

ప్రశ్న: సార్, నాది బెంగళూరు కంపెనీ, కానీ కరోనా టైములో ఇంటికొచ్చినోణ్ణి మళ్ళీ పోలేదు, బైరాగిపట్టెడలో మా ఇంటి మేడ మీదనుంచే లాగిన్. పే స్లిప్పులో నెలనెలా ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 కట్ అవుతుంది, అది కర్ణాటకకు పోతుందంట. మా నాన్న "నీళ్ళు ఇక్కడివి తాగి, రోడ్డు ఇక్కడిది తిరిగి, పన్ను వాళ్ళకు కడతావా" అని పట్టుకున్నాడు. నిజంగానే నా వల్ల మన ఊరికి ఏమీ రాదా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తిరుపతి)

జవాబు: మీ నాన్నగారు అడిగింది చిన్న ప్రశ్న కాదు నాయనా, దీనికి జవాబు తేలక పెద్ద పెద్ద ఆఫీసర్లే తల గోక్కుంటున్నారు.

ముందు ఆ 200 సంగతి చూద్దాం. వృత్తి పన్ను అనేది రాష్ట్రాలు వేసుకోవచ్చని రాజ్యాంగం 276వ అధికరణంలో ఉంది, మనిషికి ఏడాదికి 2,500 దాటకూడదు. ఒకప్పుడు ఈ హద్దు 250 రూపాయలే, 1988లో సవరణ చేసి 2,500 చేశారు, ఇప్పటికీ అదే నడుస్తోంది. మన ఆంధ్రలో జీతం 20,000 దాటితే నెలకు 200, అంటే ఏడాదికి 2,400. కర్ణాటకలో 25,000 నుంచి మొదలు, అక్కడా నెలకు 200, కాకపోతే 2025 నుంచి ఫిబ్రవరి నెలలో 300 పట్టుకుని లెక్క సరిగ్గా 2,500కు తెచ్చేశారు. కాబట్టి నీ జేబు వరకు చూసుకుంటే ఎవరికి కట్టినా ఏడాదికి ఒక్క నూరు రూపాయలే తేడా. ఆ డబ్బు ఏ ఖజానాలో పడుతుందనేదే అసలు పేచీ.

చట్టం చదివితే "ఆ రాష్ట్రంలో ఉద్యోగం చేసేవాడి మీద" పన్ను అని ఉంటుంది. ఆ చట్టాలు రాసినోళ్ళకు ఉద్యోగి ఒక రాష్ట్రంలో, ఉద్యోగం ఇంకో రాష్ట్రంలో ఉంటాయని కలలో కూడా తోచి ఉండదు (మనది 1987 నాటి చట్టం, అప్పుడు ఊళ్ళో ఫోను ఉన్న ఇల్లే అబ్బురం). దాంతో కంపెనీలు ఏం చేస్తాయంటే పేరోల్‌లో నీ వర్క్ లొకేషన్ ఏది ఉంటే ఆ రాష్ట్రానికి కట్టేస్తాయి, నిన్ను బెంగళూరు ఆఫీసు కింద చూపించారు కాబట్టి కర్ణాటకకు పోతోంది. నువ్వు హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి నేను శాశ్వతంగా తిరుపతి నుంచే చేస్తున్నా, లొకేషన్ మార్చండి అని అడగొచ్చు. కంపెనీకి ఆంధ్రలో రిజిస్ట్రేషన్ ఉంటే మార్చేస్తారు, లేకపోతే ఒక్కడి కోసం కొత్త రిజిస్ట్రేషన్ ఎందుకులే అని నాన్చుతారు. ఎటొచ్చీ రెండు చోట్లా కట్టించుకోకుండా చూసుకో.

ఇక ఊరికి ఏమొస్తుంది అనేది. మన పక్కనే వేలూరు, తిరుత్తణి ఉండే తమిళనాడులో ఈ వృత్తి పన్ను మున్సిపాలిటీ, పంచాయతీ వాళ్ళే ఆర్నెల్లకోసారి నేరుగా వసూలు చేసుకుంటారు. మన దగ్గర రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ వసూలు చేస్తుంది. కాబట్టి నువ్వు లొకేషన్ మార్పించుకున్నా ఆ డబ్బు నేరుగా తిరుపతి కార్పొరేషన్ కౌంటర్లో పడదు.

కానీ మీ నాన్నగారికి ఒక మాట చెప్పు. నువ్వు ఇక్కడ తిన్న బిర్యానీ మీద, కొన్న ఫ్రిజ్ మీద, వేయించుకున్న ఏసీ మీద పడే జీఎస్టీలో సగం రాష్ట్రానిదే, ఎందుకంటే జీఎస్టీ వాడకం ఎక్కడైతే అక్కడికి పోయే పన్ను. బెంగళూరులో పీజీలో ఉండి ఖర్చు పెట్టే రోజుల్లో అదంతా కర్ణాటకకు పొయ్యేది. పెట్రోలు కూడా అంతే, మన దగ్గర వ్యాట్ 31 శాతం, దాని పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. (బార్డర్ దాటి ట్యాంకు ఫుల్ చేయించుకొచ్చే చిత్తూరోళ్ళ సంగతి నేను ఇక్కడ ఎత్తను.) రేపు నువ్వు ఇక్కడే ఒక ఫ్లాటు కొన్నావనుకో, రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతంలో ఒకటిన్నర శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, అది స్థానిక సంస్థల వాటా.

చిక్కు ఎక్కడుందంటే, కార్పొరేషన్ సొంత ఆదాయంలో పెద్దది ఆస్తి పన్ను. నీలాంటోళ్ళు వెయ్యి మంది బెంగళూరు, చెన్నై నుంచి వచ్చి ఇప్పటికే కట్టిన ఇళ్ళల్లో దిగినారనుకో, ఆస్తి పన్ను ఒక్క రూపాయి కూడా పెరగదు. ఎందుకంటే ఆ పన్ను గోడలకే గానీ లోపలుండే మనుషులకు కాదు. నీళ్ళ వాడకం పెరుగుతుంది, చెత్త పెరుగుతుంది, పగటిపూట ఇంట్లో మనుషులుంటారు కాబట్టి అన్నిటికీ కంప్లైంట్లు కూడా పెరుగుతాయి. అంటే ఈ కొత్త పని పద్ధతి వల్ల లాభం ముందు రాష్ట్రానికి, ఖర్చు ముందు ఊరికి. రాష్ట్రం ఆ లాభంలో వాటా కిందికి దించితే తప్ప కార్పొరేషనోళ్ళకు నీ మీద ప్రేమ పుట్టేదానికి కారణం లేదు. ఇదీ సంగతి.

ప్రశ్న: అన్నా, నేను వారానికి రెండు రోజులు బెంగళూరు ఆఫీసుకు పోయి మిగతా రోజులు పలమనేరులో ఉంటా. ఓటు బెంగళూరులో ఉంది, ఆధార్ ఇక్కడ. జనాభా లెక్కలు వస్తున్నాయి కదా, నన్ను ఎక్కడ రాస్తారు?
(పలమనేరు)

జవాబు: మామూలుగా ఎక్కడ ఉంటావో అక్కడ తమ్ముడూ, ఒక్క చోటే. జనగణన 2027 ఫిబ్రవరిలో, లెక్కకు ఆధారం తేదీ మార్చి 1. అంతకు ముందు ఇళ్ళ లెక్క 2026లోనే. వారంలో ఐదు రోజులు పలమనేరులో ఉండేవాడివి పలమనేరులో రాయించుకో, బెంగళూరు రూములో ఫ్రెండ్సు నీ పేరు కూడా చెప్పేస్తే రెండుసార్లు పడుతుంది, ముందే చెప్పి పెట్టు.

ఇది చిన్న విషయం అనుకోవద్దు. పంచాయతీలకు మున్సిపాలిటీలకు ఆర్థిక సంఘం గ్రాంట్లు పంచేదాంట్లో జనాభా పెద్ద కొలత, ఇన్నేళ్ళూ 2011 లెక్కతోనే బండి లాగారు. ఆ 2011లో ఇంటికీ పని చోటుకీ ఎంత దూరం, దేంట్లో పోతారు అని కూడా అడిగారు. ఇప్పుడు ఆ ప్రశ్నకు నీలాంటోడు "రెండు రోజులు వంద కిలోమీటర్ల పైన, ఐదు రోజులు సున్నా" అని చెప్పాలి.

ఓటుకు ఫారం 8 పెట్టి మార్పించుకో. రెండు చోట్లా ఉంచుకోవడం నేరం. బెంగళూరు చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే వి.కోట, పలమనేరు పక్కనుంచే పోతోంది కాబట్టి మీలాంటి రెండూళ్ళ మనుషులు ఇంకా పెరుగుతారు, అప్పుడు బస్సు కావాలి, పార్కింగ్ కావాలి అని అడగాలంటే ముందు నువ్వు ఆ వార్డు ఓటరువై ఉండాలి కదా.

ప్రశ్న: సార్, నేను శ్రీసిటీలో ఫ్యాక్టరీలో చేస్తా. కంపెనీ బస్సు రాత్రి షిఫ్టు అయినాక పదకొండు దాటి మెయిన్ రోడ్డులో దింపుతుంది, అక్కడినుంచి మా ఊరు కిలోమీటరు లోపల, ఒక్క లైటు కూడా వెలగదు, మా నాయన బ్యాటరీ లైటు పట్టుకుని ఎదురొస్తాడు. ఇప్పుడు పది గంటల డ్యూటీ అంటున్నారు, అది నిజమా? ఇంకోటి, రేషన్ తెచ్చుకునే టైము మాకు ఉండదు. పేరు రాయొద్దు.
(ఒక సోదరి, నాగలాపురం మండలం)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక్కొక్కటిగా చెప్తా.

పది గంటల మాట నిజమే. 2025 జూన్‌లో రాష్ట్ర కేబినెట్ రోజుకు 9 గంటలుండే హద్దును 10కి పెంచేదానికి ఒప్పుకుంది, ఆ తర్వాత అసెంబ్లీలో బిల్లులు కూడా పాసయినాయి. ఓవర్‌టైం మూడు నెలలకు 75 గంటలు ఉండేది 144 చేశారు. పరిశ్రమలు రావాలంటే తప్పదు అని ప్రభుత్వం, ఇది కార్మికుణ్ణి పిండేదానికే అని యూనియన్లు, రెండు వైపులా గట్టిగానే కొట్టుకున్నారు. మీరు గుర్తు పెట్టుకోవాల్సింది ఏందంటే వారానికి 48 గంటలు అనే హద్దు అట్లే ఉంది, అది దాటితే ఓవర్‌టైం, ఓవర్‌టైంకు రెట్టింపు కూలి. రోజుకు పది గంటలు చేయించుకుని వారానికి ఆరు రోజులూ మామూలు జీతమే అంటే కుదరదు, మీరే లెక్కేసుకోండి, అరవై అవుతుంది.

రాత్రి షిఫ్టుకు ఆడవాళ్ళ ఒప్పుకోలు ఉండాలి, రవాణా, భద్రత కంపెనీ చూడాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర లేబర్ కోడ్లలోనూ అదే ఉంది, సాయంత్రం 7 తర్వాత, పొద్దున 6కు ముందు పనికి ఒప్పుకోలు తప్పనిసరి. ఒప్పుకోలు అంటే చేరేరోజు కాగితాల కట్టలో ఎక్కడో పెట్టించుకునే సంతకం కాదని నా అభిప్రాయం, కానీ జరుగుతున్నది చాలా చోట్ల అదే.

ఇప్పుడు ఆ కిలోమీటరు. చట్టం, కంపెనీ, ప్రభుత్వం అంతా కలిసి మిమ్మల్ని మెయిన్ రోడ్డు దాకా తెచ్చి వదిలేశారు చూశారా, మిగిలింది మీ నాయన చేతిలో బ్యాటరీ లైటు. కంపెనీ బస్సుల్లో వేల మంది ఆడపిల్లలు తిరుగుతున్నారు, కానీ వాళ్ళు ఆర్టీసీ టిక్కెట్టు కొనరు కాబట్టి ఆర్టీసీ లెక్కలో లేరు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగులో ఆడవాళ్ళకు ఉచితం అన్నారు, మంచిదే, కానీ రాత్రి పదకొండుకు పల్లెవెలుగు ఉంటేనే కదా ఆ జీరో టిక్కెట్టుకు విలువ. వీధి లైట్లు పంచాయతీ పని, ఆ పంచాయతీకి మీ షిఫ్టు ఎప్పుడు దిగుతుందో తెలీదు. కాబట్టి మీ ఊళ్ళో షిఫ్టులకు పొయ్యే అమ్మాయిలందరూ కలిసి ఒకే కాగితం రాయండి, ఎంతమంది, ఏ స్టాపు, ఎన్ని గంటలకు, ఎన్ని స్తంభాలకు లైట్లు లేవు అని. ఒక కాపీ పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి రసీదు తీసుకోండి, ఇంకోటి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, మూడోది మీ కంపెనీ హెచ్ఆర్‌కు, బస్సును ఊళ్ళోకి తిప్పమని. లైట్లు లేవు అని ఊరికే రాసిన అర్జీ మూల పడుతుంది, గంట, స్తంభం లెక్క రాసిన అర్జీని మూలకు తొయ్యడం కష్టం.

రేషన్ సంగతి. 2025 జూన్ 1 నుంచి ఇంటికొచ్చే బండ్లు ఆపేసి మళ్ళీ షాపులకు మార్చారు, నెలలో 1 నుంచి 15 దాకా, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. మీ ఊరి షాపులోనే తీసుకోవాలని లేదు, రాష్ట్రంలో ఏ షాపులోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, కార్డులో పేరున్న ఇంకెవరైనా పోయినా ఇస్తారు. షిఫ్టు మారే వారంలో పెట్టుకోండి.

పెళ్ళై చిన్నపిల్లలున్న తోటి వాళ్ళకు ఇది కూడా చెప్పండి. 50 మంది పైన పని చేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017లోనే ప్రసూతి చట్టానికి సవరణ వచ్చింది, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసుకోవచ్చు. అడగకపోతే ఎవరూ చెప్పరు.

ప్రశ్న: పద్మావతినగర్లో మాకు రెండంతస్తుల ఇల్లు. పైపోర్షను ఒక స్టార్టప్ వాళ్ళకు ఇచ్చాం, ఎనిమిది మంది పిల్లలు ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చుంటారు, బోర్డు కూడా లేదు, చప్పుడు లేదు. కార్పొరేషన్ నుంచి వచ్చినాయన ఇది కమర్షియల్ అంటున్నాడు. మా పక్కింట్లో అబ్బాయి కూడా ఇంట్లోనే సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు, వాళ్ళకేమో ఏమీ లేదు. ఇదేం న్యాయం?
(గృహిణి, తిరుపతి)

జవాబు: తల్లీ, వచ్చినాయన చెప్పింది సబబే. పక్కింటి అబ్బాయి తన ఇంట్లో కాపురం ఉంటూ పని చేసుకుంటున్నాడు, అది ఇల్లే. మీ పైపోర్షన్లో ఎవరూ కాపురం లేరు, పొద్దున వచ్చి రాత్రికి పోతారు, అది ఆఫీసు. బోర్డు లేనంత మాత్రాన కాకుండా పోదు.

2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఆస్తి పన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. నివాసానికి 0.10 నుంచి 0.50 శాతం లోపల, నివాసం కానివాటికి 0.20 నుంచి 2 శాతం లోపల ఎంతనేది కౌన్సిల్ నిర్ణయించొచ్చు. పాత పన్నుతో పోలిస్తే ఏడాదికి 15 శాతానికి మించి పెరగకూడదని హద్దు పెట్టారు గానీ, వాడకం మారిస్తే ఆ హద్దు మిమ్మల్ని కాపాడుతుందని ధీమాగా ఉండొద్దు. అంతకంటే భయపడాల్సింది కరెంటు. ఇంటి మీటరు మీద ఆఫీసు నడుపుతుంటే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద రెట్టింపు టారిఫ్ లెక్కన రాస్తారు, ఎప్పటినుంచో తేలకపోతే పన్నెండు నెలలకు. ఆ బిల్లు మీ పేరు మీద వస్తుంది, స్టార్టప్ పిల్లలు అప్పటికి ఇంకో ఇంటికి మారిపోయి ఉంటారు! పైపోర్షనుకు వేరే మీటరు కమర్షియల్ కేటగిరీలో తీసుకుని, ఆస్తి పన్ను తేడా అద్దెలో కలుపుకుని అగ్రిమెంటు రాసుకోండి. వాళ్ళు షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద రిజిస్టర్ చేసుకోవాలి, ఆ పని వాళ్ళదే.

న్యాయం అన్నారు కాబట్టి ఒక మాట. ఇల్లు, ఆఫీసు అని రెండే గళ్ళు పెట్టుకుని కూర్చున్న చట్టానికి ఇప్పుడు రెండింటి మధ్యలో చాలా కనిపిస్తున్నాయి. రేపు ఇద్దరు ఫ్రెండ్సు కలిసి కాపురమూ అక్కడే కంపెనీ కూడా అక్కడే పెడితే ఏ గడిలో రాయాలో ఆ బిల్ కలెక్టరుకు కూడా తెలీదు, ఆయన మూడ్ ఎట్లుంటే అట్లా.

ప్రశ్న: బ్రదర్, తిరుపతిలో ఫుడ్ డెలివరీ చేస్తా. విష్ణు నివాసం చుట్టుపక్కల లాడ్జిలకు యాత్రికుల ఆర్డర్లు బాగానే ఉంటాయి, కానీ బండి పెట్టే చోటు ఉండదు, ఎండలో నిలబడే నీడ కూడా లేదు. ప్రమాదం జరిగితే మా ఇంటికి ఏమైనా వస్తుందా? మాకోసం గవర్నమెంటులో ఎవరున్నారు?
(డెలివరీ బాయ్, లీలామహల్ సర్కిల్)

జవాబు: కాగితం మీద అయితే ఉన్నారు సామీ. 2020 సామాజిక భద్రత కోడ్‌లో గిగ్ వర్కర్ (నెల జీతం లేకుండా పనికింత అని చేసుకునేవాడు) అనే మాటకు మొదటిసారి చట్టంలో చోటిచ్చారు, ఆ కోడ్ అమల్లోకి వచ్చింది మాత్రం 2025 నవంబరులో. యాప్ కంపెనీలు తమ టర్నోవర్లో 1 నుంచి 2 శాతం మీ సంక్షేమ నిధికి కట్టాలి, అది మీకిచ్చే డబ్బులో 5 శాతానికి మించక్కర్లేదు. నువ్వు ముందు చేయాల్సింది కేంద్రం వాళ్ళ ఈ-శ్రమ్ వెబ్‌సైటులో పేరు ఎక్కించుకోవడం, ఆధార్, దానికి లింకయిన ఫోను చాలు, ప్లాట్‌ఫాం వర్కర్ అనే చోటే టిక్ పెట్టు, ఊరికే కూలి అని పెట్టొద్దు. 2025 కేంద్ర బడ్జెట్లో మీలాంటి వాళ్ళకు ఈ-శ్రమ్ ద్వారానే ఆయుష్మాన్ ఆరోగ్య బీమా అన్నారు.

వేరే రాష్ట్రాలు ఏం చేస్తున్నాయో చూస్తే కొంచెం కడుపు మంట వస్తుంది. రాజస్థాన్ 2023లోనే చట్టం తెచ్చింది, కర్ణాటక 2025లో తెచ్చింది, ప్రతి ఆర్డరుకు పని చేసేవాడికిచ్చే డబ్బు మీద యాప్ దగ్గర 1 నుంచి 5 శాతం దాకా ఫీజు పట్టేదానికి. తెలంగాణ 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. ఇవన్నీ రాష్ట్రాల పని. నువ్వడిగిన నీడ, బండి చోటు మాత్రం కార్పొరేషన్ పని. చెన్నై కార్పొరేషన్ 2025లో అణ్ణానగర్లో డెలివరీ వాళ్ళకోసం ఏసీ రూము కట్టి పెట్టింది, బాత్రూము, ఫోను చార్జింగు, బండ్లు పెట్టే చోటు అన్నీ. మనది దేశమంతా నుంచి జనం వచ్చే ఊరు, యాత్రికులకు షెడ్లు కట్టడం మనకు కొత్త కాదు, అందులో ఒక మూల పది బండ్లకు గీత గీసి ఇచ్చేదానికి కోట్లేమీ అక్కర్లేదు. మీ వాట్సాప్ గ్రూపులో అందరూ ఉంటారు కదా, సంతకాలు పెట్టి కమిషనర్‌కు ఇవ్వండి. బ్రహ్మోత్సవాల ముందు ట్రాఫిక్ మీటింగులు పెడతారు, అర్జీ దానికి ముందే చేరాలి. అవి మొదలైనాక మిమ్మల్ని పట్టించుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

ప్రశ్న: వి.కోట దగ్గర మా పల్లెలో పదిహేను మంది దాకా ఇంటి దగ్గర్నుంచే పని చేస్తున్నాం. పంచాయతీ బిల్డింగు ఒకటి ఖాళీగా ఉంది, దాన్ని మాకు వర్క్ సెంటర్‌గా ఇస్తారా? ముఖ్యమంత్రి గారు కూడా అన్నారు కదా.
(చిత్తూరు జిల్లా)

జవాబు: అన్నారు. 2025 ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు వర్క్ ఫ్రమ్ హోమ్‌ను పెద్దఎత్తున తెస్తామని, ముఖ్యంగా ఆడవాళ్ళకు, ఊళ్ళలోనే కోవర్కింగ్ స్పేసులు, ఇంటి పక్క ఆఫీసులు అని చెప్పారు, ఐటీ, జీసీసీ (బయటి దేశాల కంపెనీలు ఇక్కడ పెట్టుకునే సొంత ఆఫీసులు) పాలసీ 4.0లో అట్లాంటి స్థలాలు కట్టేవాళ్ళకు రాయితీలు పెట్టారు. అంతకు ముందు 2021లో జగన్ ప్రభుత్వం కూడా ఇదే మాట అంది, పల్లెల్లో డిజిటల్ లైబ్రరీలు, తొలి విడత 4,530, వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే వాళ్ళకోసమే అని. చాలా చోట్ల అవి పూర్తి కాలేదు. మీ ఊళ్ళో ఖాళీగా ఉందన్న బిల్డింగు అదేనేమో చూడండి, నాకు అనుమానం. రెండు పార్టీలకూ ఒకే ఆలోచన వచ్చింది కాబట్టి ఆలోచన మంచిదే, గోడలు మాత్రం ఎలక్షనుతో పాటు ఆగిపోతాయి.

మీరు రాయితీల కోసం కాచుకోవద్దు, అవి పెద్ద స్థలాలు కట్టే డెవలపర్లకు పనికొస్తాయి, పదిహేను కుర్చీలకు కాదు. పంచాయతీ తీర్మానం చేయించి బిల్డింగును నెలకింత అని అద్దెకు తీసుకోండి, పంచాయతీకి కూడా ఆదాయం. ఫైబర్ లైను తెచ్చుకునేదానికి గుంత తవ్వాలన్నా స్తంభం వెయ్యాలన్నా అనుమతి ఇచ్చేది స్థానిక సంస్థే, 2025 జనవరి నుంచి దానికి కొత్త కేంద్ర నిబంధనలు కూడా ఉన్నాయి, కంపెనీ అడిగితే పంచాయతీ నాన్చకుండా చూడండి. ఇన్వర్టరు మీరే చందాలేసుకుని కొనుక్కోండి, అది ఎవరూ ఇవ్వరు. కేరళలో కొట్టారక్కరలో ప్రభుత్వమే "వర్క్ నియర్ హోమ్" అని మొదలుపెట్టింది, వీలైతే వీడియోలు చూసి కార్యదర్శికి కూడా చూపించండి. ఒక్కటి మర్చిపోవద్దు, మీ పదిహేను మందిలో ఆడపిల్లలు ఉంటే వాళ్ళకు బాత్రూము బాగుండాలి, లేకపోతే నెలకే వాళ్ళు మళ్ళీ ఇంట్లో మంచం మీద కూర్చుని పని చేస్తారు.

ప్రశ్న: మెయింటెనెన్సు అని పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా కరెంటు తీస్తారు, అప్పుడే నాకు మీటింగులు. తిరుపతిలోనే ఇట్లయితే ఎట్లా?
(కొర్లగుంట)

జవాబు: మన డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) హెడ్డాఫీసు కూడా తిరుపతిలోనే ఉంది, దీపం కింద చీకటి అంటే ఇదే! పగలు ఇళ్ళల్లో ఎవరూ ఉండరనే పాత లెక్క అది. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పి ఊరుకోకుండా, మీ లైన్లో ఇంటి నుంచి పని చేసే ఇళ్ళ సర్వీసు నంబర్లన్నీ రాసి ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) ఇవ్వండి, ఆదివారం పెట్టుకోమని అడగండి. ఆదివారం లైన్‌మన్‌కూ ఇల్లుంటుంది, అది కూడా ఆలోచించండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటులో సగం మంది అమెరికా టైముకు పని చేసి తెల్లారి పడుకుంటారు. చెత్త బండి ఏడింటికి వచ్చి విజిలేసి పోతుంది, వీళ్ళు లేచేది పన్నెండుకు, తీసుకుపోయి వీధి చివర పడేస్తారు. చెత్త పన్ను కూడా తీసేశారు కదా, ఇంక అడిగేవాళ్ళే లేరు.
(రిటైర్డ్ టీచరు, చిత్తూరు)

జవాబు: మాస్టారూ, చెత్త పన్ను ఎత్తేసింది నిజమే, 2024 చివర్లో. అయితే చెత్త ఎత్తే బాధ్యతా పోలేదు, వీధిలో పడేస్తే జరిమానా వేసే అధికారమూ పోలేదు. మధ్యాహ్నం ఇంకో ట్రిప్పు వెయ్యమని శానిటరీ ఇన్‌స్పెక్టరును అడగొచ్చు, ఉన్న బండ్లకు ఇంకో ట్రిప్పంటే డ్రైవర్లు కావాలి, డీజిలు కావాలి, ఒప్పుకుంటారని నాకైతే నమ్మకం లేదు. అంతవరకూ కింద వాచ్‌మన్ దగ్గర రెండు పెద్ద డబ్బాలు పెట్టించి, రాత్రి డ్యూటీకి కూర్చునే ముందే కవరు కిందికి దించమని అసోసియేషన్లో రూలు పెట్టండి. వాచ్‌మన్‌కు ఫ్లాటుకు యాభై లెక్కన వేరే ఇవ్వండి, ఊరికే చెయ్యమంటే చెయ్యడు.